ఓడకి ఒక్క మనిషి

రేవు మధ్యలో, లంగరేసిన ఓడ మీద నుంచి

అక్కా,

ఓడ కదిలినన్నాళ్ళూ ఒక్క ముక్క రాయనివాడికి, ఓడ ఆగేసరికి అక్క గుర్తొచ్చిందా అంటావు. అను. అనిపించుకోవడానికే రాస్తున్నాను.

దుంగలు వేసుకుని బయల్దేరుతున్నామని ఓడెక్కే ముందే చెప్పాను కదా. వాటిని దింపాల్సిన రేవులోకి వచ్చాం గానీ, దింపలేదు. మా యజమాని ఫోను ఎత్తడం మానేశాడు. ఏజెంటు మొహం చాటేశాడు. ఓడకి నూనె పోసినవాళ్ళు డబ్బు అందక కోర్టుకెళ్ళారు. కోర్టు మనిషి పడవలో వచ్చి, చుక్కాని గది అద్దానికి ఓ కాగితం అతికించి, "మీ ఓడని అరెస్టు చేశాం" అన్నాడు. మా వంటాయన ఊరుకోకుండా, "బేడీలు ఎక్కడ వేస్తారండీ, ముందు వైపా, వెనక వైపా?" అని అడిగాడు. పాపం, కోర్టు మనిషికి నవ్వొచ్చి కూడా నవ్వలేకపోయాడు.

రేవు మాత్రం చూడాల్సిందే అక్కా. మూడు పక్కలా కొండలు. నాలుగో పక్క ఇరుకు సందు, అదే సముద్రంలోకి దారి. బయట అలలు ఎంత ఎగిరిపడుతున్నా లోపల చెరువే. దీన్ని ఎవరూ తవ్వలేదు, ఎవరూ గోడ కట్టలేదు. ఒడ్డుని ఆనుకునే పెద్ద ఓడ మునిగేంత లోతు. మీ రేవులో ఇసుక తోడే ఓడ ఏడాది పొడుగునా ఎక్కిళ్ళు పెడుతూనే ఉంటుంది కదా, ఇక్కడ అలాంటిదొకటి ఉంటుందనే ఎవరికీ తెలీదు. ఓ ఒడ్డున ధాన్యం గాదెలు, ఎదుటి ఒడ్డున నూనె టాంకులు, మధ్యలో దుంగలు దింపే ప్లాట్‌ఫారం. మేం దాన్ని చూస్తూ కూర్చున్నాం, విస్తరి ముందు కూర్చోబెట్టి వడ్డించడం మర్చిపోయినట్టు.

భయపడకు. అందరం బాగున్నాం. ఏదో ఓ వారం పది రోజుల్లో తేలిపోతుంది.

బావకి నమస్కారం చెప్పు.

నీ తమ్ముడు

*

ఇసుక రేవు, రెండో వరస క్వార్టర్స్

చిన్నోడా,

నీ వారం పది రోజులు అయిపోయి ఎన్నాళ్ళయింది? ఈ ఉత్తరం వచ్చింది సరే, తరవాతిది ఏదీ? మీ బావ అయితే "కోర్టన్నాక వారం అంటే ఏడాదే" అంటున్నాడు. ఆయనకి శుభం పలకడం చిన్నప్పట్నించీ రాదు.

మా సంగతులు మామూలే. క్రేన్ మామూలే. పొద్దున్నే ఎక్కుతున్నా, సాయంత్రం దిగుతున్నా. పైనుంచి చూస్తే అందరి నెత్తులే తప్ప మొహాలు కనబడవు, అందుకే నాకు కోపం తక్కువ అని మీ బావ. దిగాక సంగతి ఆయనకి తెలుసులే.

నువ్వు ఇంజను గదిలో పనిచేసేవాడివి. ఇంజను ఆగిపోయాక నీకక్కడ పనేమిటి? సామాను సర్దుకుని వచ్చెయ్. ఇంకో ఓడ దొరక్కపోదు. జీతం సంగతి తరవాత చూసుకుందాం, ముందు మనిషి రావాలి. ఇంత చదువుకుని, ఓ చచ్చిన ఓడని కావిలించుకుని కూర్చోవడానికి నువ్వేమన్నా దానికి తాళి కట్టావా?

ఏం తింటున్నారో రాయి. దాచకుండా రాయి. నీకు చిన్నప్పుడు అబద్ధం చెబితే అక్షరాలు కుడివైపు ఒరిగేవి. ఇప్పుడూ ఒరుగుతాయేమో చూస్తాను.

మీ అక్క

*

ఓడ మీద నుంచి

అక్కా,

చూడు, అక్షరాలన్నీ నిటారుగా నిలబెట్టాను.

తిండికి లోటేం లేదు. వారానికోసారి నీళ్ళ పడవ వస్తుంది. ఆ పడవ నడిపే ఆవిడే బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, రొట్టె కూడా తెస్తుంది. హార్బర్ మాస్టరు గారు పంపిస్తారట. పెద్దాయన, మాటలు తక్కువ. ఓసారి ఓడెక్కి వచ్చి, అంతా తిరిగి చూసి, "గొలుసు జాగ్రత్త" అని ఒక్క మాటన్నారు. లంగరు గొలుసన్నమాట. ఆ మాటకే నాకు నాన్న గుర్తొచ్చాడు. నాన్న కూడా నేను మొదటిసారి ఓడెక్కేటప్పుడు "చెప్పులు జాగ్రత్త" అని ఊరుకున్నాడు కదూ.

మా వంటాయన బంగాళాదుంపతో చెయ్యని వంట లేదు. నిన్న పులుసు పెట్టాడు, అద్భుతం. అందరం లొట్టలేసుకుంటూ తిన్నాం. పేకాట ఆడుతున్నాం. కెప్టెన్ గారు ఓడిపోతే ఒప్పుకోరు.

పగలంతా నాకు పనే. ఇంజను ఆడకపోయినా తిప్పుతూ ఉండాలి, లేకపోతే బిగుసుకుపోతుంది. చేత్తో తిప్పే పిడి ఒకటుంది. తుప్పు గీకడం, నూనె రాయడం, అడుగున చేరిన నీళ్ళు చేతి పంపుతో తోడిపొయ్యడం. కరెంటు లేదు కాబట్టి అంతా చేతులతోనే. మోచేతుల్లో కండలు చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

ఎదురుగా ధాన్యం ఓడలు వస్తున్నాయి, నింపుకుని పోతున్నాయి. పైపులోంచి గోధుమలు జలపాతంలా పడుతుంటే ఆ దుమ్ము సాయంత్రం ఎండలో బంగారం రంగులో లేస్తుంది. రేవంతా కదులుతూనే ఉంటుంది, నేను తప్ప. మేము తప్ప.

వస్తాను అక్కా. కాస్త ఓపిక పట్టు.

నీ తమ్ముడు

*

ఇసుక రేవు, క్వార్టర్స్

ఒరేయ్,

మీ వంటాయన పెట్టిన పులుసు అద్భుతంగా ఉందన్నావు. ఉండే ఉంటుంది. ఎందుకంటే నువ్వది రాసేనాటికే ఆయన ఓడ దిగిపోయాడు, మొన్న మా ఇంట్లో, మా వంటగదిలో, నా పీట మీద కూర్చున్నాడు!

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వచ్చాడాయన. సొంతూరికి పోతూ, దారిలో దిగి, అడ్రసు వెతుక్కుంటూ వచ్చాడు. నేను తలుపు తీయగానే, "అమ్మా, మీ తమ్ముడు క్షేమం అని చెప్పమన్నాడు" అన్నాడు. "మీరిక్కడ, మా వాడక్కడ, క్షేమమేమిటి బాబూ?" అన్నాను. అంతే, పెద్దవాడు, కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మీ బావ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తరవాత అన్నీ చెప్పాడు.

కెప్టెన్‌కి గుండెల్లో నొప్పొచ్చి ఒడ్డుకి తీసుకుపోయారట. ఓడ మీద బాధ్యత గల మనిషి ఒకరు ఉంటే తప్ప మిగతావాళ్ళని పంపేది లేదని కోర్టు అందిట. అప్పుడు నువ్వు లేచి, "నేనుంటాను, వీళ్ళని పంపించండి" అన్నావట. సంతకం పెట్టావట. ఓడ అమ్ముడయ్యేదాకా దాన్ని దాటి కాలు బయటపెట్టకూడదట.

పేకాట ఎవరితో ఆడుతున్నావురా? ఓడిపోతే ఒప్పుకోనిది ఎవరు?

నాకు కోపంగా ఉంది. ఒంటరిగా ఉన్నందుకు కాదు, నాతో అబద్ధం ఆడినందుకు. అక్షరాలు నిటారుగా ఉన్నాయని మురిసిపోయాను చూడు, నాకన్నా వెర్రిది ఉండదు. ఊరందరి బరువూ నెత్తికెత్తుకునేవాడివి, కాస్త అక్క నెత్తి మీద కూడా పెట్టకూడదూ? నేను పొద్దస్తమానం ఎత్తేది బరువులే కదా.

నిజం రాయి. ఒక్కటి కూడా తగ్గించకుండా రాయి.

అక్క

*

ఓడ మీద నుంచి

అక్కా,

తిట్టావు, పడ్డాను. ఇప్పుడు నిజం విను.

ఆ రోజు కోర్టు మనిషి మమ్మల్నందరినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒకరుండాలన్నాడు. అందరి చూపులూ బల్ల మీదే ఉన్నాయి. వంటాయన భార్య కళ్ళ ఆపరేషను కోసం ఎదురుచూస్తోంది. ఇంకొకాయన కూతురు పెళ్ళి రెండుసార్లు వాయిదా పడింది. ఒక్కొక్కరికీ ఒక్కో ఇల్లు కాలిపోతున్నట్టుంది. నాకేముంది? పెళ్ళా పిల్లలా? ఉన్నదల్లా అక్క, ఆవిడ కొండలాంటిది. అందుకే లేచాను. గొప్ప కోసం కాదు. ఆ నిశ్శబ్దం ఇంకో నిమిషం భరించలేక లేచాను.

వాళ్ళు వెళ్ళిన రోజు పడవలోంచి అందరూ చేతులు ఊపారు. నేనూ ఊపాను. పడవ కనుమరుగయ్యాక వెనక్కి తిరిగి ఖాళీ డెక్ చూశాను. మొదటి వారం గదుల తలుపులన్నీ తీసి పెట్టుకున్నాను, మనుషులున్నట్టు ఉంటుందని. తరవాత గాలికి అవి కొట్టుకుంటుంటే ఎవరో పిలుస్తున్నట్టుండి, మళ్ళీ అన్నీ మూసేశాను. ఓ మాట బయటికి అనుకుంటే నా గొంతే నాకు కొత్తగా ఉండేది. అది నీకెలా రాయను? రాస్తే నువ్వు మర్నాడే వచ్చి పడతావు. వచ్చి ఏం చేస్తావు, ఓడెక్కనివ్వరు. అందుకని పులుసు పెట్టించాను వంటాయన చేత.

ఇప్పుడు నయం. పనికో వేళ పెట్టుకున్నాను. పొద్దున గొలుసు చూడటం, తరవాత ఇంజను తిప్పడం, నీళ్ళు తోడటం, సాయంత్రం దీపం వెలిగించి ముందు స్తంభానికి ఎక్కించడం. దీపం లేకపోతే వచ్చే ఓడలకి మనం కనబడం. అది ఒక్కరోజు కూడా తప్పించలేదు. నీళ్ళ పడవావిడ వచ్చిన రోజు మాత్రం పని మానేసి కబుర్లే. ఆవిడకి పిల్లి ఒకటుందిట, దాని మీద వచ్చినప్పుడల్లా ఫిర్యాదులే. ఆ పిల్లి సంగతులు మీ ఇంటి సంగతుల కన్నా ఎక్కువ తెలుసు నాకు.

ఒకటి మాత్రం నిశ్చయించుకున్నాను. దీన్ని ముంచి పోను. వదిలేసి పోను. దీన్నెవరైనా కొనేరోజున, ఇంజను తిప్పితే తిరగాలి. అంతవరకూ నన్ను రమ్మనకు.

గాలివానల రోజులు దగ్గర పడుతున్నాయి. అప్పుడు చుట్టుపక్కల ఓడలన్నీ ఈ రేవులోకి పారిపోయి వస్తాయట, తలదాచుకోవడానికి. నేను ముందే వచ్చి కూర్చున్నాను, సీటు దొరికింది.

నీ తమ్ముడు

*

ఇసుక రేవు, క్వార్టర్స్

చిన్నోడా,

నీ ఉత్తరం మీ బావ పైకి చదివాడు. చదవడం అయ్యాక కళ్ళద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. ఆయన కళ్ళద్దాల మీద అంత దుమ్ము ఎప్పుడూ ఉండదు.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాయాలి. అబద్ధాలకి నీకే పేటెంటు లేదు.

మా రేవు అయిపోయిందిరా. నీకు మొదటి ఉత్తరం రాసేటప్పటికే అయిపోయింది. తోడిన ఇసుక తోడినట్టే మళ్ళీ పూడుతోంది. పెద్ద ఓడలు రావడం మానేశాయి. నేను రోజూ క్రేన్ ఎక్కుతున్నానని రాశాను, ఎక్కుతున్న మాట నిజమే. ఎక్కి, ఊరికే కూర్చుని దిగుతున్నాను. ప్లాట్‌ఫారం మూసేస్తున్నారు. క్వార్టర్స్ ఖాళీ చెయ్యమన్నారు. నిన్ను వచ్చెయ్ అన్నాను గానీ, రావడానికి ఇల్లంటూ ఉండాలి కదా, అందుకే చెప్పలేకపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. నా క్రేన్‌ని కొన్నారు. ఎవరనుకున్నావు? మీ రేవు! దుంగల ప్లాట్‌ఫారం కోసమట. వాళ్ళ అధికారి చూడ్డానికి వచ్చాడు. అరిగిన చోట్లన్నీ నేనే చూపించాను, దాచలేదు. చివర్లో, "మరి దీనితో పాటు నేనూ వస్తాను" అన్నాను. ఆయన మర్యాదస్తుడే. "అమ్మా, మేం కొనేది క్రేన్‌ని. ఉద్యోగానికి అందరిలాగే దరఖాస్తు పెట్టుకోండి" అన్నాడు.

పెట్టాను. వయసు మించిందని తిప్పి పంపారు. మళ్ళీ పెట్టాను. జవాబు లేదు. అప్పుడు బస్సెక్కి మీ రేవుకే వచ్చాను. అవును, వచ్చాను. కొండ మలుపులో బస్సు ఆగితే కిందకి చూశాను. నీళ్ళ మధ్య తుప్పు రంగు ఓడ, దాని మీద వంగి ఏదో గీకుతున్న మనిషి. వీపు చూసి పోల్చుకున్నాను. కేక వేస్తే వినబడేంత దూరం కాదు. బస్సు కదిలింది. నీకు చెబితే, అక్కడిదాకా వచ్చి నీ దగ్గరికి రాలేదని ఏడుస్తావని చెప్పలేదు.

ఆఫీసులో "పరీక్ష పెట్టండి, తప్పితే వెళ్ళిపోతాను" అన్నాను. పెట్టారు. గాలి బాగా ఉన్న రోజు చూసి మరీ పెట్టారు. ఇద్దరం పాసయ్యాం, నేనూ, ఓ కుర్రదీ. ఆ పిల్ల చెయ్యి నాకన్నా నిదానం, మంచి పనిమంతురాలవుతుంది. ఇద్దర్నీ తీసుకున్నారు.

ఇల్లూ వాకిలీ వదిలి అంత దూరం ఎలాగండీ అని మీ బావని అడిగాను. "లారీలు అన్ని ఊళ్ళలోనూ చెడిపోతాయి, బాగుచేసేవాణ్ణి నాకేం" అన్నాడు. అప్పుడే మూటలు కడుతున్నాడు.

క్రేన్‌ని విప్పి బార్జి అనే చదును పడవ మీదికెక్కిస్తున్నాం, దాన్ని టగ్గు లాక్కొస్తుంది. ఆరు నూరైనా దానితోనే వస్తాను.

అక్క

*

ఓడ మీద నుంచి

అక్కా,

బతికే ఉన్నాను. ముందు అది రాసి తరవాత మిగతాది రాస్తున్నాను. పేపర్లో చూసి ఉంటారు.

గాలివాన కబురు రాగానే ఓడలన్నీ లోపలికొచ్చాయి. ధాన్యం ఓడలు, చేపల పడవలు, నా వెనకగా ఓ నూనె ఓడ. రేవంతా పెళ్ళింట చెప్పుల్లా కిక్కిరిసిపోయింది. హార్బర్ మాస్టరు గారు స్వయంగా పడవలో వచ్చారు. "దిగిపో బాబూ. కోర్టుకి నేను చెప్పుకుంటాను" అన్నారు. నేను, "మొదటి లంగరు జారితే రెండోది వెయ్యడానికి మనిషుండాలి కదండీ" అన్నాను. ఆయన నా మొహం, వెనక నూనె ఓడ, రెండూ మార్చి మార్చి చూశారు. "ఒక్కడివల్ల కాదు" అని మాత్రం అని వెళ్ళిపోయారు. కాసేపటికి అదే పడవలో ముగ్గురు రేవు కూలీలు వచ్చారు, తాళ్ళూ సమ్మెటలూ పట్టుకుని. ఎవరో పంపితే వచ్చినట్టు లేరు. "ఇది జారితే మా రేవు నోరు మూసుకుపోతుంది, మా పొయ్యిలో పిల్లి లేవదు" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

ఈ రేవులోకి సముద్రం రాదు అక్కా. కానీ గాలి వస్తుంది. మధ్యాహ్నానికే చీకటి పడింది. ఆ సందులోంచి గాలి దూరి, కొండల మధ్య దారి దొరక్క గిరగిరా తిరిగింది. గొలుసు మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, లంగరు పట్టి ఉంటే గొలుసు మౌనంగా ఉంటుంది. జారితే కింద రాళ్ళ మీద ఈడ్చుకుపోతూ వణుకుతుంది. వణికింది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు, తీస్తే నిజమైపోతుందేమోనని.

రెండో లంగరు గొలుసుని ఆపే బ్రేకు పట్టేసింది. అన్నాళ్ళూ నూనె రాస్తూనే ఉన్నాను, అయినా పట్టేసింది. నలుగురం సమ్మెటలతో బాదాం. నువ్వు నన్ను తిట్టే తిట్లన్నీ దాన్ని తిట్టాను. వెనక్కి చూస్తే నూనె ఓడ పెద్దదవుతోంది. దాని మీది మనుషుల మొహాలు కనబడుతున్నాయి. ఒకతను మా వైపు చేతులు జోడించి నిలబడ్డాడు. నాకు అప్పుడు మాత్రం భయం వేసింది, నా గురించి కాదు. ఆ చేతులు చూసి.

కూలీల్లో పెద్దాయన "అందరూ ఒకే దెబ్బ" అని అరిచాడు. ఒకే దెబ్బ కొట్టాం. బ్రేకు వదిలింది. గొలుసు నిప్పులు చిమ్ముకుంటూ పోయింది. ఓడ ఒక్కసారి గుంజుకుని, మూలిగి, ఆగింది. గాలి తగ్గేదాకా నలుగురం రెండు గొలుసుల మీదా చేతులు పెట్టుకుని కూర్చున్నాం, రోగి నాడి చూసినట్టు.

తెల్లవారాక వాళ్ళకి బంగాళాదుంపలు ఉడకబెట్టి పెట్టాను. "ఉప్పు మర్చిపోయావు" అన్నారు. నా ఓడ మీద ఇంకొకరు కూర్చుని వంకలు పెడుతుంటే, అక్కా, అంత రుచైన భోజనం నేనెప్పుడూ తినలేదు.

అరిచేతులు పగిలాయి. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. అబద్ధం కాదు.

నీ తమ్ముడు

*

టగ్గు మీద నుంచి

చిన్నోడా,

నీ ఉత్తరం బయల్దేరే ముందు అందింది. చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుని పనిలో పడ్డాను. ఏడవడానికి తీరిక లేదు. క్రేన్‌ని బార్జికి కట్టిన తాళ్ళు పూటకోసారి బిగించుకోవాలి. టగ్గు కెప్టెన్ మొదట "ఆడవాళ్ళకి వేరే గది లేదు" అన్నాడు. "నాకు గది వద్దు, తాళ్ళు కనబడే చోటు చాలు" అన్నాను. ఇప్పుడు టీ కూడా తెచ్చిస్తున్నాడు.

కడుపులో తిప్పుతోందిరా. ఇన్నేళ్ళు ఓడల్ని పైనుంచి చూశాను గానీ, ఒక్కదాని మీద కూడా ప్రయాణం చెయ్యలేదు. మీరిదెలా భరిస్తారో! నీ ఉద్యోగానికి మొదటిసారి దణ్ణం పెడుతున్నాను. అలుసుగా తీసుకోకు.

రేపు పొద్దున్నే ఆ సందులోంచి లోపలికొస్తామట. ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను నీ పక్కనుంచి వెళ్ళిపోయే ఉంటాను. అయినా రాస్తున్నాను, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా. మీ బావ సామాన్లతో రోడ్డు మీద వస్తున్నాడు.

అక్క

*

ఓడ మీద నుంచి

అక్కా,

నీళ్ళ పడవలో నువ్వు వచ్చి, ఓడ కింద నిలబడి అరిచిన అరుపులకి కొండ మీద పక్షులన్నీ లేచిపోయాయి. పై నుంచి నేనూ అరిచాను గానీ నువ్వు ఒక్క ముక్కా విన్నట్టు లేదు. "చిక్కిపోయావు" అని తప్ప వేరే మాట రాదా నీకు? అందుకని చెప్పాలనుకున్నది కాగితం మీద పెడుతున్నాను.

ఆ పొద్దున నేను డెక్ మీదే ఉన్నాను. సందులోంచి ముందు టగ్గు వచ్చింది, వెనక తాడు, ఆ వెనక బార్జి మీద వెల్లకిలా పడుకున్న నీ క్రేన్. నువ్వు టగ్గు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డావు. చెయ్యి ఊపుతావనుకున్నాను. ఊపలేదు, నన్ను చూస్తూ ఊరికే నిలబడ్డావు. నేనూ ఊపలేకపోయాను. టగ్గు మలుపు తిరిగేదాకా నువ్వు తల తిప్పలేదు. తరవాత నేను కిందికెళ్ళి, ఆ రోజు ఇంజనుని రెండుసార్లు తిప్పాను, ఎందుకో.

మంచి కబురు. కోర్టు ఓడని అమ్మమంది. ముందు దుంగలు దింపాలట. మా ఓడకున్న బరువులెత్తే వించీలు కరెంటు లేక చచ్చిపడున్నాయి కాబట్టి, ఒడ్డున కట్టి, ఒడ్డు క్రేన్‌తోనే దింపాలట. దుంగల ప్లాట్‌ఫారం క్రేన్ ఏదో నీకు వేరే చెప్పాలా?

ఎప్పుడు నిలబెడతారు దాన్ని?

నీ తమ్ముడు

*

దుంగల ప్లాట్‌ఫారం, క్రేన్ కేబిన్

ఇదిగో, నిలబెట్టారు. నిన్ను టగ్గులు ఒడ్డుకి లాక్కొస్తుంటే పైనుంచి చూశాను. పెళ్ళికొడుకుని ఊరేగించినట్టుంది, గుర్రానికి తుప్పు పట్టిందనుకో.

నిచ్చెన దగ్గర కాపలావాడు నన్ను పైకి రానివ్వలేదు. ఓడ ఇంకా అరెస్టులోనే ఉందిట, కాగితం లేనిదే పురుగు కూడా ఎక్కకూడదట. సరే, అతని పని అతను చేస్తున్నాడు. ఈ కాగితం కొక్కేనికి కట్టి పంపిస్తున్నాను, తీసుకో. దుంగకి తాళ్ళు చుట్టేవాడికి చెప్పాను, చిరిగితే చంపుతానని.

గడ్డం ముందు గీసుకో. నెత్తులే కనబడతాయనుకున్నాను గానీ, నీ గడ్డం ఇక్కడికి కూడా కనబడుతోంది.

*

డెక్ మీద నుంచి

గీసుకున్నాను. చూశావా?

నీ చెయ్యి ఎంత నిదానం అక్కా! అంత లావు దుంగ పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం ఆలోచించుకుని, పిల్లిపిల్లలా ఒడ్డున దిగుతోంది. ఇన్నేళ్ళకి నీ పని దగ్గరగా చూశాను. అందరికీ చెప్పుకుంటున్నాను, పైనున్నావిడ మా అక్క అని. ముగ్గురు కూలీలూ వచ్చారు, వాళ్ళకి కూడా చెప్పాను. "అందుకేనా ఆ తిట్లు అంత బాగా వచ్చాయి" అన్నాడు పెద్దాయన.

ఓడ ఖాళీ అవుతున్నకొద్దీ పైకి లేస్తోంది. నేనూ లేస్తున్నాను, నీకు కాస్త కాస్త దగ్గరగా.

*

క్రేన్ కేబిన్

పనిలో కవిత్వం చెప్పకు. తల పగులుతుంది.

మీ బావ రెండు గదుల ఇల్లు చూశాడు. ఒక గది నీది. కిటికీలోంచి నీళ్ళు కనబడతాయంటే, "వాడికి నీళ్ళు కనబడని గది చూడండి" అన్నాను. మార్చాడు.

*

క్రేన్ కింద నుంచి

అక్కా,

కొన్నవాళ్ళు వచ్చారు. వాళ్ళ ఇంజనీరు నాతో కిందికి వచ్చింది. కొత్తగా నూనె పోశారు, ఇంజనుని కదిలించడానికి గాలి పట్టారు. ఆమె మీట నొక్కింది. మొదటిసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది అక్కా! కాళ్ళ కింద ఇనుప పలక వణకడం మొదలుపెట్టింది. ఆమె ఏదో అంటోంది గానీ నాకు వినబడలేదు. గోడకి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాను. "ఇన్నాళ్ళు దీన్ని ఎవరు చూసుకున్నారు?" అని మళ్ళీ గట్టిగా అడిగింది. "నేనే" అన్నాను. "మాతో వస్తారా? ఈ ఓడ మీదే ఉద్యోగం" అంది.

వస్తాననలేదు, రాననలేదు. ముందు కదలని నేల మీద నిద్రపోయి, అక్క చేత చివాట్లు తిని, అప్పుడు చెబుతానన్నాను. ఆమె నవ్వి, "తొందరేం లేదు, మరమ్మతులకే నెలలు పడతాయి" అంది.

కోర్టు మనిషి కూడా వచ్చాడు, అదే మొదటి రోజు వచ్చినాయన. అద్దం మీద కాగితం తనే గీకి తీశాడు. నా చేత సంతకం పెట్టించుకుని, "ఇక మీరు వెళ్ళొచ్చు" అన్నాడు. ఎటు వెళ్ళాలో తెలియనట్టు కాసేపు అక్కడే నిలబడ్డాను. తరవాత దిగాను. నిచ్చెన చివరి మెట్టు దగ్గర కాపలావాడు చెయ్యి అందించాడు.

ఇప్పుడు నీ క్రేన్ కింద ఉన్నాను. పైకెక్కుదామంటే కాళ్ళు రానంటున్నాయి. నేల అటూ ఇటూ ఊగుతోంది. ఈ కాగితం కొక్కేనికి కట్టిస్తున్నాను. నువ్వే దిగు.

*

క్రేన్ కేబిన్

ఒరేయ్, కొక్కెం కింద నిలబడకూడదని తెలీదూ? ఇన్ని నెలలు ఆ ఓడ మీద బతికి, నా దుంగ కింద చస్తావా? ఆ పసుపు గీత అవతలికి జరుగు. ఇంకా జరుగు. ఆఁ, అక్కడ.

ఒడ్డున సర్దాల్సినవి ఇంకా మూడు దుంగలున్నాయి. సగంలో వదిలి దిగను.

కదలకు. వస్తున్నాను.